సింధూజ చెప్పిన సినిమా

ఆ ఎండాకాలం మా ఆయన గొంతు పోయింది. పొద్దున లేచి నీళ్లు అడగబోతే నోట్లోంచి గరగరమని గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. ఇంకెవరైనా అయితే జలుబు అనుకుంటారు. నేను క్యాన్సర్ అనుకున్నాను. కర్నూలు బస్సు ఎక్కి దవాఖాన చేరేలోపల మనసులో ఆయన్ని సాగనంపేశాను, దినాలు కూడా చేసేశాను. కళ్లు తుడుచుకుంటుంటే పక్కన కూర్చున్నామె "ఎవలు పోయిండ్రమ్మా?" అని అడిగింది.

"ఇంకా పోలేదు" అన్నాను.

డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూశాడు. ఏళ్ల తరబడి మైకులో అరిచినందుకు లోపల కాయలు కాశాయట, అంతే. వానలు పడేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దన్నాడు.

మా ఆయన హన్మంతు అయిజ టాకీసులో మైకు బండి మీద చెప్పే మనిషి. ఆటో మీద రెండు మైకు గొట్టాలు కట్టి, పక్కలకు పోస్టర్లు అంటించి, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఈ వారం ఏం సినిమానో చెప్పాలి. ఆటో నడిపేది కురుమూర్తి, చెప్పేది మా ఆయన. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. రీళ్ల డబ్బాలు శుక్రవారం పొద్దున బస్సుకు గానీ రావు. చెప్పడం మాత్రం అంతకుముందే మొదలుపెట్టాలి. అంటే సినిమాను చూడకముందే పొగడాలి. పోస్టరు మీద తుపాకీ కనిపిస్తే ఫైటింగులున్నాయని, ముసలమ్మ కనిపిస్తే కన్నీళ్లున్నాయని చెప్పాలి. మా ఆయన అట్లాగే నెట్టుకొచ్చాడు.

గొంతు సంగతి తెలిసి టాకీసు యజమాని శంకరయ్య సేటు ఇంటికి వచ్చాడు. పరామర్శకు వచ్చాడేమో అనుకుని మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"హన్మంతూ, ఈ వారం సూటు సార్ బొమ్మ ఏస్తున్న. చెప్పెటోడు లేకుంటె హాలుల ఈగలు తోలుకోవాలె. ఇంకొకన్ని పెట్టుకోనా మరి?"

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ జోడించడం చూసి నాకు ఒళ్లు మండింది. నేను ఏదో అనేలోపలే లోపలి అర్రలోంచి మా సింధూజ వచ్చి నిలబడింది.

"నేను చెప్త సేటూ. నాయినకు నయమయ్యేదాక."

సింధూజ మా ఒక్కగానొక్క బిడ్డ. అప్పుడు గద్వాలలో డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకు వచ్చి ఉంది. సేటు పోయేదాకా ఆగి ఆమె మీద పడ్డాను.

"మైకుల ఆడపిల్ల గొంతు ఇనవడితె ఊరుకుంటరా? ఎవడన్న ఆ గొంతు పట్టుకొని ఇల్లు ఎతుక్కుంట వస్తె?"

"గొంతు పట్టుకొని ఇల్లు ఎట్ల ఎతుకుతరమ్మా? వాసన సూసుకుంట వస్తరా?"

"నవ్వకు. ఆటో బోర్ల పడితె? బ్యాటరీ పేలితె? ఎండదెబ్బ తగిలితె?"

"అయితె నువ్వు కూడ రా. పేలితె ఇద్దరం కలిసే పేలుదాం."

పోయాను. ఆ నెలంతా ఆటో వెనక సీట్లో, ఒక పక్క బ్యాటరీ, ఒక పక్క నీళ్ల క్యాను మధ్యలో కూర్చున్నాను. ఎదురుగా లారీ వస్తే కళ్లు మూసుకునేదాన్ని. టీ కొట్ల దగ్గర మగవాళ్లు చూస్తే వాళ్ల కళ్లల్లోకి చూసి, వాళ్లు తల దించుకునేదాకా చూపు తిప్పేదాన్ని కాదు.

సూటు సార్ గురించి చెప్పాలి. అవి గూఢచారి సినిమాలు. అసలు పేరు ఇంగ్లీషులో ఉంటుంది, నా నోరు తిరగదు. వేరే దేశం వాళ్లు తీస్తారు, మాటలు తెలుగులో పెడతారు. నా పెళ్లినాటికే రెండో మూడో వచ్చాయి. ఎంత ఎత్తు నుంచి దూకినా, మంటల్లోంచి బయటికొచ్చినా ఆయన సూటుకు ముడత పడదు. అందుకే మా వైపు ఆయన్ని సూటు సార్ అంటారు. ఆ ఎండాకాలం వచ్చింది కొత్తది. హైదరాబాద్‌లో ఆడి ఆడి వెళ్లిపోయాక మా అయిజకు వచ్చింది.

మొదటి రోజు వడ్డేపల్లి బస్టాండు దగ్గర ఆటో ఆపాం. మా ఆయన చెప్పే మాటలనే సింధూజ వల్లె వేసింది. "ఒళ్లు గగుర్పొడిచే పోరాటాలు! కనీ వినీ ఎరుగని సాహసాలు!" బీడీ కాల్చుకుంటూ కూర్చున్న పెంటయ్య అనే ముసలాయన లేచి ఆటో దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, పాటలెన్ని ఉన్నయ్?"

"తెల్వదు తాతా."

"ఈసారన్న సూటు సారుకు జర దెబ్బ తాకుతదా?"

"తెల్వదు."

"మరి ఏం తెలిసి ఒర్రుతున్నవే తల్లీ?"

బస్టాండంతా నవ్వింది. సింధూజ మొహం ఎర్రబడింది. మైకు బంద్ చేసి, "చిన్నాయనా, బండి తిప్పు. సూడకుంట నేనింక ఒక్క ముక్క చెప్ప" అంది కురుమూర్తితో.

"మీ నాయిన ఎన్నడు సూసి చెప్పిండు?" అన్నాడు కురుమూర్తి.

"నేను నాయిన కాదు గద."

శుక్రవారం డబ్బాలు వచ్చాయి. మొదటి ఆటకే ఇద్దరం పోయి కూర్చున్నాం. తప్పులు పట్టుకుందామనే నేను పోయాను. ఇట్లాంటి సినిమాలు చూసే పోరగాళ్లు మిద్దెల మీది నుంచి దూకుతారని నా భయం. కానీ ఈ సినిమా వేరేగా ఉంది. సూటు సార్‌కు ముసలితనం వచ్చింది. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు, మెట్లు ఎక్కుతుంటే మోకాలు పట్టుకుంటున్నాడు. మొదట్లోనే ఒక గోడ మీది నుంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. ఆ చెయ్యి సినిమా అయిపోయేదాకా విరిగే ఉంటుంది! ఎడమ చేత్తోనే కొట్టుకుంటాడు, ఎడమ చేత్తోనే గుండీలు పెట్టుకోలేక అవస్థ పడతాడు. ఒక పొడుగాటి వంతెన మీద శత్రువులు ఆయన్ని తరుముతుంటే సంగీతం కూడా లేదు. బూట్ల చప్పుడు, ఆయాసం, అంతే. హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. విలన్ కూడా మీసాలు మెలేసేవాడు కాదు. కళ్లజోడు పెట్టుకుని ఆఫీసులో కూర్చుని, మంచిగా మాట్లాడుతూనే మనుషుల్ని చంపించేవాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల పెద్ద ఆఫీసరమ్మ. తెల్లజుట్టు మనిషి. ఈయన్ని పంపించి, ఫోను ముందు కూర్చుని ఉంటుంది. ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి రాదు, మోగకపోతే కూర్చోలేదు. చివరికి ఆయన ఫోను చేస్తే ఒకటే మాట అడుగుతుంది, తిన్నావా అని. నేను హాల్లోనే పైకి అన్నాను, "అట్ల అడుగు తల్లీ" అని.

మరునాటి నుంచి సింధూజ సొంతంగా చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"వినుండ్రి, వినుండ్రి! సూటు సార్ కొత్త సినిమా. ముందుగాల్నే చెప్తున్న, పాటలు లేవు. పాటలు కావాలెనంటె రాకుండ్రి. ఈసారి సార్‌కు దెబ్బ తాకుతది, తాకిన దెబ్బ ఇంటికి పోయేదాక మానదు. పై ఆఫీసరు ఆడామె. సార్ అంతటోడు ఆమె ముందల చేతులు కట్టుకుంటడు. వంతెన మీద ఉరుకుడు సూడాలె, మీకు గూడ రొప్పు వస్తది. గలీజు ఏం లేదు. ఆడోళ్లు, పిల్లగాండ్లతోని రావచ్చు. నేను మా అమ్మతోని సూసి చెప్తున్న!"

జనం ఆటో చుట్టూ మూగారు. పెంటయ్య తాత అయితే "ఏ చెయ్యి ఇరుగుతది బిడ్డా, కుడిదా ఎడమదా?" అని అడిగి మరీ సినిమాకు వచ్చాడు. ఎప్పుడూ టాకీసు గడప తొక్కని ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. వడ్డేపల్లి నుంచి వచ్చే సాయంత్రం బస్సు నిండా వాళ్లే. సేటు సింధూజకు కూల్‌డ్రింకు తెప్పించి, "నీ గొంతుల లక్ష్మి ఉన్నది బిడ్డా" అన్నాడు. మా ఆయన పక్కనే నిలబడి మెరిసే కళ్లతో బిడ్డను చూశాడు. ఆ చూపును నేను నమ్మాను.

తర్వాత బస్టాండు కొట్లల్లో ఆ సినిమా సీడీలు దిగాయి. హాలు పలచబడింది. సేటు మమ్మల్ని టాకీసుకు పిలిపించాడు. మా ఆయన అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"రేపటి సంది కొత్త సీన్లు కలుపుతున్నం. గదొక్క ముక్క చెప్పు సాలు, 'కొత్త సీన్లు కలిపి ఏస్తున్నం' అని. తక్కినయి నీవు చెప్పేటియే చెప్పు" అన్నాడు సేటు.

"ఏం సీన్లు సేటూ?"

"హైదరాబాద్‌ల కోసేసినయి. పొడుగైందని తీసేసిండ్రు, ఇప్పుడు పంపుతుండ్రు."

"సూసినంక చెప్త."

"ఇంకా రాలే గద, బస్సుల ఉన్నయ్. నామీద నమ్మకం లేకుంటె మీ నాయినను అడుగు."

సింధూజ వాళ్ల నాయిన వైపు తిరిగింది. ఆయన కాసేపు నేలను చూశాడు. తర్వాత తల ఊపాడు.

"సరే అయితె" అంది సింధూజ.

వంతెన మీద ఉరుకుడు ఇంకా కొంచెం ఉంటుందేమో అనుకున్నాం ఆటోలో. ఆఫీసరమ్మ ఇంకో రెండు మాటలు మాట్లాడితే బాగుండునని నేను అన్నాను. మొదటి ఊరి టీ కొట్టు దగ్గర సింధూజ ఆ ముక్క చెప్పగానే బెంచీ మీద కూర్చున్న మగవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"మళ్లొకపారి చెప్పు పిల్లా, సరిగ ఇనవడలే."

"ఏం కలిపిండ్రు, ఉప్పా కారమా?"

"పిల్లగాండ్లను గూడ తేవాల్నా?"

ఒకటే నవ్వులు. సింధూజకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పింది, ఇంకా గట్టిగా. నాకూ అర్థం కాలేదు. ఏదో తప్పు ఉందని నా ఒళ్లు చెప్పింది గానీ, నా ఒళ్లు ఎప్పుడూ అదే చెబుతుంది. కురుమూర్తి మాత్రం వెనక్కి తిరగకుండా ఆటో స్టార్ట్ చేశాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం అన్నాలు తింటుంటే మా వాడకట్టు హన్మమ్మ వచ్చింది. గాజులు అమ్ముకునే మనిషి, గట్టిగా మాట్లాడటం ఎరగదు. తన ఇద్దరు మనవరాళ్లను తీసుకుని పొద్దటి ఆటకు పోయింది. చెప్పులు విప్పకుండానే గడప లోపలికి వచ్చేసింది.

"ఏం రేణుకా, మంచిగ తింటున్నరా తల్లీబిడ్డలు?"

"ఏమైంది వదినా?"

"నీ బిడ్డ మాట మీద పోతి. గలీజు లేదు, పిల్లగాండ్లతోని రాండ్రి అని ఊరంత ఒర్రె గద! ఆ సారు వంతెన మీద ఉరుకుతుండు. ఉరుకుతున్నోడు ఉరుకుతనే ఉండంగ, బొమ్మ రంగు మారిపాయె. ఎవరో వేరేటోళ్లు, ఏదో అర్ర..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా నోటితోని చెప్పలేనే అది. పిల్లల మొఖాలు కొంగుల కుక్కుకున్న. చుట్టూత ఈలలు. చీకట్ల తలుపు కాడికి పోతె గేటోడు తియ్యడు. 'సీను అయిపోనీ అవ్వా' అంటడు! ఎవడో నా చెయ్యి గుంజిండు. ఈ వయసుల!"

ఆమె పోయింది. అన్నం అట్లాగే ఉంది. సింధూజ ఏడవలేదు. చెయ్యి కడుక్కుని గడప మీద కూర్చుని, వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. తన మాట మీద ఇంకా ఎంతమంది పోయారో లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన ముద్ద కలుపుతున్నాడు.

"ఏమయ్యా, నీకు తెలుసా?"

పులుసు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

"బొమ్మ నడుమ గలీజు అతికిస్తరని నీకు తెలుసా తెల్వదా?"

అప్పుడు మాట్లాడాడు. డాక్టరు వద్దన్నాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. గరగరమంటూ వచ్చింది.

"మామూలే గదనే. హాలు ఎండుకపోతె గట్ల అతికిస్తరు. ఎన్ని ఏండ్ల సంది చెప్తున్న నేను."

"నీవు చెప్పుకో, నీ కర్మ. బిడ్డతోని చెప్పిస్తవా?"

"చెప్పకుంటె పని పోతది."

"పోనీ!"

"మెల్లగ మాట్లాడు. వాడకట్టు ఇంటది."

"ఇననీ! రాజోలి దాక ఇనవడెటట్టు నీ బిడ్డతోని మైకుల చెప్పించినవ్, ఇప్పుడు నేను మెల్లగ మాట్లాడాల్నా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకోగలిగాడు! దాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. లారీలకు భయపడ్డాను, ఎండకు భయపడ్డాను, టీ కొట్టు మీది ప్రతి మగవాడి కంటికీ భయపడ్డాను. ఈయన తల ఊపుతుంటే మాత్రం నిశ్చింతగా పక్కన నిలబడి చూశాను. ఆయన ముందున్న చెంబు తీసి వాకిట్లోకి విసిరేశాను. అది దొర్లుకుంటూ పోయి సింధూజ కాళ్ల దగ్గర ఆగింది.

ఆమె దాన్ని తీసి పక్కన పెట్టింది. "అమ్మా, కురుమూర్తి చిన్నాయన ఆటో సేటుదా, సొంతమా?" అని అడిగింది.

"సొంతమే."

"అయితె రేపు పోదాం."

పొద్దున కురుమూర్తి మా మాట విని తలకాయ గోక్కున్నాడు.

"వదినా, సేటుకు తెలిస్తె నన్ను బతకనిస్తడా?"

"నీకు ముందే తెలుసు. నోరు మూసుకున్నవ్."

"నోరు రాలే వదినా. దాన్ని చిన్నప్పటి సంది ఎత్తుకున్న. ఏమని చెప్పాలె?"

"ఏం చెప్పకు. బండి నడుపు."

నడిపాడు. పొద్దటి ఆట టికెట్లు ఇస్తున్న సమయానికి టాకీసు ముందరే ఆపించాం. సింధూజ మైకు ఆన్ చేసింది. "వినుండ్రి, వినుండ్రి. సూటు సార్ సినిమా గురించి నేను చెప్పిన మాట..." అంది. అంతే. ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. లైన్లో ఎవడో ఈల వేశాడు.

ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి. పది మంది ముందు పేరు కూడా సరిగా చెప్పలేని దాన్ని. నా గొంతు రెండు గొట్టాల్లోంచి నా మీదికే వచ్చేసరికి ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత ఆగలేదు.

"నేను రేణుకమ్మను. హన్మంతు పెండ్లాన్ని, ఈ పిల్ల తల్లిని. నా బిడ్డ చెప్పిన సినిమా మంచి సినిమా. నేను కూడ సూసిన. ఇరిగిన చేత్తోని కొట్లాడెటోడు, ఫోను కాడ కూసున్న ముసలి ఆఫీసరమ్మ, వంతెన మీద ఉరుకుడు, అన్నీ నిజమే. ఇప్పుడు లోపల ఏస్తున్నది ఆ సినిమా కాదు. నడుమ గలీజు అతికించిండ్రు. శంకరయ్య సేటు అతికించిండు. నా మొగనికి తెలుసు, తెలిసి బిడ్డతోని చెప్పించిండు. మా పిల్లకు తెల్వదు. ఆడోళ్లు, పిల్లలున్నోళ్లు పోకుండ్రి. మా మాట మీద ఎవ్వరు పోకుండ్రి!"

సేటు లోపలి నుంచి ఉరికొచ్చాడు. "ఏయ్! బంద్ చెయ్! నా మైకుల నన్నే తిడతవా?"

"నీ మైకుల నా బిడ్డ గొంతు పెట్టినవ్. నీదేం గొంతు ఉన్నదో నువ్వూ చెప్పు, రా!" అని మైకు ఆయన మూతి ముందు పెట్టాను. గొట్టాలు కీచుమన్నాయి. సేటు రెండు అడుగులు వెనక్కి వేశాడు.

లైన్లో నిలబడ్డ నలుగురైదుగురు ఆడవాళ్లు బయటికి వచ్చేశారు. ఒకామె పిల్లవాడి రెక్క పట్టుకుని, సేటు వైపు ఊసి మరీ పోయింది. కానీ మగవాళ్లు కదలలేదు. కదలకపోవడం కాదు, రోడ్డు అవతల టీ తాగుతున్న వాళ్లు గ్లాసులు పడేసి ఉరికొచ్చారు. సైకిళ్లు గోడకు ఆనించి వచ్చారు. కాసేపటికి గేటువాడు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాడు. సేటు ఆ బోర్డును చూశాడు, నన్ను చూశాడు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మస్తు చెప్పినవ్ రేణుకమ్మా. నీ మొగని కన్న నువ్వే నయం!"

ఇంతకూ వాడి హాలు నింపడానికే నేను నోరు తెరిచానా? ఆటోలో కూలబడ్డాను. సింధూజ నా చేతిలోంచి మైకు తీసుకుంది. ఆమె మొహంలో నిన్నటి నుంచి లేని రంగు ఏదో వచ్చింది.

"నవ్వుకోనీ అమ్మా. వాళ్లు తెలిసే పోతుండ్రు. నా మాట మీద పోతలేరు."

"నవ్వుతుండు గదనే వాడు!"

"సాయంత్రం బస్సుకు వడ్డేపల్లోళ్లు వస్తరు. ఆడోళ్లు. వాళ్లకు ఇంకా తెల్వదు."

ఆ మాటతో నేను లేచి కూర్చున్నాను. సేటు మెట్ల మీద నుంచి మైకు విప్పి ఇవ్వమని కురుమూర్తి మీద అరుస్తున్నాడు. కురుమూర్తి ఒక్కసారి ఆయన్ని చూశాడు, ఒక్కసారి నన్ను చూశాడు.

"బ్యాటరీ ఉన్నదా?" అని అడిగాను.

"సగం ఉన్నది వదినా."

"అయితె వడ్డేపల్లి దిక్కు తిప్పు. నడుమ ఏ ఊరు వచ్చినా ఆపు."